ఇన్సాట్ ఇన్‌ఫ్రారెడ్ ఫొటో 4 కిలోమీటర్ల దగ్గరే ఎందుకు ఆగిపోయింది? కెమెరాని అంత చల్లగా ఎందుకు పెట్టాలి?

బాపట్ల_తీరం:

అందరికీ నమస్తే అండి. నేను ఈసీఈ ఫైనలియర్, మాది బాపట్ల పక్కన ఊరు. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను మా దగ్గరే తీరం దాటింది కదా, అప్పుడు రెండు రోజులు కరెంటు లేదు, పవర్ బ్యాంకుతో ఫోన్ నిలబెట్టుకుని శాటిలైట్ ఫొటోలు రిఫ్రెష్ చేస్తూ కూర్చున్నాను, మా నాన్న అరగంటకోసారి ఇప్పుడెక్కడుందిరా అని అడిగేవారు, నేను చూపించేవాణ్ణి. రాత్రిపూట ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ ఫొటో ఒక్కటే. దాన్ని జూమ్ చేస్తే గళ్ళు గళ్ళుగా విడిపోయేది, మా మండలం మొత్తం నాలుగైదు గళ్ళలో సరిపోయింది.

అప్పట్నుంచి మనసులో ఉన్న ప్రశ్న ఇది. మన వాతావరణ శాటిలైట్ ఇన్సాట్-3డీలో ఫొటో తీసే పరికరం, అంటే ఇమేజర్ స్పెక్స్ చూశాను, ఆరు చానెళ్ళు (ఒక్కోటి ఒక్కో రకం కాంతి చూస్తుంది), ఫొటోలో ఒక గడి నేల మీద విజిబుల్‌లో 1 కిలోమీటర్, థర్మల్ ఇన్‌ఫ్రారెడ్ 4 కిలోమీటర్లు, నీటి ఆవిరి చానెల్ అయితే ఏకంగా 8 కిలోమీటర్లు. ఒకే టెలిస్కోపు, ఒకే అద్దం, మరి ఇంత తేడా ఎందుకు? పైగా డిటెక్టర్‌ని మైనస్ 170 డిగ్రీల దాకా చల్లబరుస్తారని చదివాను, వేడిని కొలిచే కెమెరాకి ఆ చలి ఎందుకు? పక్కనే సౌండర్ అని ఇంకో పరికరం ఉంది, దానికి 19 చానెళ్ళు, రిజల్యూషన్ 10 కిలోమీటర్లు, మరి అది దేనికి? ఎవరైనా ఈ ఫీల్డులో పనిచేసినవాళ్ళుంటే కొంచెం విడమర్చి చెప్పండి, ఎమ్‌టెక్ ఇటు చేద్దామని ఉంది.

ఆప్టిక్స్_రావు:

తమ్ముడూ నేను ఇన్‌ఫ్రారెడ్ పేలోడ్ టెస్టింగులో చాలా ఏళ్ళు చేశాను, ఎక్కడ అన్నది వద్దులే, పని సంగతి చెప్తాను.

ముందు చలి సంగతి. ఫోన్ కెమెరాలో ఉండేది సిలికాన్, అల పొడుగు 1.1 మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) దాటిన కాంతి దానికి ఇక కనబడదు, ఎందుకంటే అక్కడి నుంచి ఒక్కో ఫోటాన్‌కి సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ని లేపేంత బలం ఉండదు. మనకి కావల్సింది 11, 12 మైక్రాన్లు, అక్కడ ఫోటాన్ బలం అందులో పదో వంతే. అందుకని మెర్క్యురీ కాడ్మియం టెల్యురైడ్ లాంటి పదార్థం వాడతారు, చిన్న తోపుకే ఎలక్ట్రాన్ లేచేలా దాని పాళ్ళు కలుపుతారు. కానీ అంత సులువుగా లేచేదాన్ని గది వేడిలో ఉంచితే ఆ వేడికే అన్నీ లేచిపోతాయి, బయటి నుంచి ఏమీ రాకుండానే సిగ్నల్ నిండిపోతుంది. అందుకే 100 కెల్విన్, అంటే నువ్వన్న మైనస్ 170 డిగ్రీల దరిదాపులకి దించాలి.

ఇంకోటి, నిజానికి ఇదే పెద్దది. గది వేడిలో ఉన్న ప్రతి వస్తువూ 10 మైక్రాన్ల దగ్గరే ఎక్కువ వెలుగుతుంది. భూమి ఒక్కటే కాదు, నీ టెలిస్కోపు గొట్టం, అద్దం, లెన్సు పట్టుకునే రింగు అన్నీ అదే రంగులో వెలుగుతుంటాయి. గోడలన్నీ ట్యూబులైట్లే ఉన్న గదిలో నిలబడి దూరంగా ఉన్న దీపం ఎంత వెలుగుతోందో కొలవమన్నట్టు ఉంటుంది. 300 కెల్విన్ దగ్గర ఒక డిగ్రీ మారితే 11 మైక్రాన్ల కాంతి దాదాపు ఒకటిన్నర శాతం మారుతుంది అంతే, మనకి కావల్సింది డిగ్రీలో పదో వంతులు, అంటే శాతంలో చిన్న ముక్క. కెమెరా సొంత వెలుగు అంతకంటే ఎక్కువ కదిలిపోతుంటే కొలత ఏం కొలిచినట్టు? ఇన్‌ఫ్రారెడ్ డిజైన్ అంటే నా లెక్కలో ఫొటో తీయడం తర్వాత సంగతి, ముందు కెమెరా వేడిని భూమి వేడి నుంచి విడదీయడం.

అందుకే స్కాన్ అద్దం మధ్యమధ్యలో పక్కకి తిరిగి ఖాళీ అంతరిక్షాన్ని చూస్తుంది, అక్కడ కనబడేదంతా కెమెరా సొంతం, అది తీసేయాలి. అప్పుడప్పుడు లోపలే ఉన్న బ్లాక్‌బాడీని, అంటే టెంపరేచర్ కచ్చితంగా తెలిసిన నల్ల పలకని చూస్తుంది. ఆ రెండు బిందువుల మధ్య గీసిన గీత మీదే నువ్వు చూసిన ప్రతి గడీ కూర్చుంటుంది.

ఇన్సాట్‌లో చల్లబరచడానికి కంప్రెసర్ ఏమీ లేదు. ఒక పలక అంతరిక్షం వైపు చూస్తూ వేడిని వదిలేస్తుంది, అంతే. దాని మీద ఎండ పడకూడదు, సోలార్ ప్యానెల్ నుంచి వేడి కూడా తగలకూడదు, కాబట్టి ప్యానెల్ ఒక్క వైపే పెడతారు. పాత ఇన్సాట్‌లలో ఒక వైపే ప్యానెల్ ఉంటే సూర్యకాంతి తోపుకి శాటిలైట్ తిరిగిపోతుందని రెండో వైపు పొడుగాటి కాడకి ఒక తెరచాప కట్టేవాళ్ళు. 1982 ఏప్రిల్‌లో వెళ్ళిన ఇన్సాట్-1ఏకి ఆ తెరచాప తెరుచుకోలేదు, ఆ సెప్టెంబర్‌కల్లా శాటిలైటే పోయింది. 3డీకి వచ్చేసరికి ఏడాదికి రెండుసార్లు మొత్తం శాటిలైట్‌నే తిప్పేస్తారు, సూర్యుడు ఉత్తరాన ఉన్న నెలల్లో కూలర్ దక్షిణానికి, దక్షిణానికి పోగానే కూలర్ ఉత్తరానికి. ఒక పలక నీడలో ఉండటం కోసం శాటిలైట్ మొత్తాన్ని తిప్పడం, ఈ ఏర్పాటు తలుచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఇక నీ 4 కిలోమీటర్లు. టెలిస్కోపు అద్దం 310 మిల్లీమీటర్లు. 36 వేల కిలోమీటర్ల నుంచి చూస్తే 12 మైక్రాన్ల దగ్గర ఒక చుక్క నేల మీద దాదాపు 3.4 కిలోమీటర్ల బొట్టులా పరుచుకుంటుంది, అదే విజిబుల్‌లో అయితే రెండొందల మీటర్లలోపే. అద్దం ఒకటే, అల పొడుగే వేరు.

డార్మ్‌స్టాట్_శ్రీను:

రావు గారూ మీరు చెప్పిందాంట్లో చలి భాగం వరకూ ఓకే కానీ బొట్టు సైజు చెప్పి 4 కిలోమీటర్లని సమర్థించడం దగ్గర నేను ఒప్పుకోను. జపాన్ వాతావరణ శాటిలైట్ హిమవారి-8 2014 అక్టోబర్‌లో వెళ్ళింది, ఇన్‌ఫ్రారెడ్ 2 కిలోమీటర్లు, 16 చానెళ్ళు, భూగోళం మొత్తం 10 నిమిషాలకోసారి. అమెరికా గోస్-16 కూడా అంతే. వాటిలో అద్దం మీటరు సైజేమీ కాదు. మరి మనకి 26 నిమిషాలు, 4 కిలోమీటర్లు అంటే అది ఫిజిక్స్ పెట్టిన హద్దు కాదు, డిజైన్ పెట్టిన హద్దు. పిల్లలు ఫిజిక్స్ వల్లే కాదనుకుంటే రేపు ఎవరు చేస్తారు అండి?

ఆప్టిక్స్_రావు:

శ్రీనూ నువ్వన్నది నిజం, నేను సగం చెప్పి ఆపేశాను. 2 కిలోమీటర్ల గడి పెట్టొచ్చు, పక్క గడి కాంతి కొంత ఇందులో కలుస్తుంది, అయినా వివరం పెరుగుతుంది. అసలు బిగువు టైము దగ్గర ఉంది. లెక్క వేద్దాం చూడండి. 3డీ ఇమేజర్ ఒక ఊపులో నేల మీద 8 కిలోమీటర్ల వెడల్పు గీత గీస్తుంది, ఆ 8 కిలోమీటర్లలో విజిబుల్‌కి ఎనిమిది డిటెక్టర్లు, థర్మల్‌కి రెండు, నీటి ఆవిరికి ఒకటి, తమ్ముడు అడిగిన 1, 4, 8 సరిగ్గా అక్కడి నుంచే వచ్చాయి. భూగోళం మొత్తం పట్టే 18 డిగ్రీల చదరం నింపాలంటే అలాంటి గీతలు దాదాపు 1400, 26 నిమిషాల్ని పంచితే గీతకి 1.1 సెకను, అందులో అద్దం ఆగి వెనక్కి తిరగడం కూడా ఉంది. ఒక్కో గీతలో 4 కిలోమీటర్ల గడులు 2800, అంటే ఒక్కో గడి మీద చూపు నిలిచేది మిల్లీ సెకనులో మూడో వంతు. ఆ కాస్తలో వచ్చిన ఫోటాన్లతోనే డిగ్రీలో పదో వంతులు చెప్పాలి. గడిని 2 కిలోమీటర్లు చేస్తే కాంతి నాలుగో వంతుకి పడిపోతుంది, స్పీడు కూడా పెంచితే చూపు నిలిచే టైము ఇంకా తగ్గుతుంది.

దీనికి మందు ఒక్కటే, ఒక్క ఊపులో ఒకటి రెండు కాకుండా వందల డిటెక్టర్లు వరసగా పెట్టడం. వందలు పెడితే వాటి తీగలు, వాటి ఎలక్ట్రానిక్స్ వేడి చలి పలక మీదకి వస్తాయి, ఊరికే అంతరిక్షం వైపు చూసే పలకకి ఆ బరువు మోయడం కష్టం. అప్పుడు మోటారు కూలర్ కావాలి, అంటే నిజంగానే చిన్న ఫ్రిజ్. గోస్-16 తరం కెమెరాలో ఉన్నది అదే, అందులో లాంగ్‌వేవ్ డిటెక్టర్లని 60 కెల్విన్ దాకా దించాలని డిజైన్.

ఆ దారిలో ఏం కాచుకుని ఉంటుందో గోస్-17 చూపించింది. 2018 మార్చి 1న వెళ్ళింది. ఫ్రిజ్ లోపల చల్లబరిస్తే వెనకాల వేడి వదులుతుంది కదా, ఆ వేడిని రేడియేటర్‌కి మోసే లూప్ హీట్ పైపులు సరిగా పనిచేయలేదు, సన్నటి దారిలో ఏదో చెత్త అడ్డుపడి ఉంటుందని విచారణలో తేల్చారు. ఫలితం ఏంటంటే 16 చానెళ్ళలో 13 దెబ్బతిన్నాయి, అదీ ఎప్పుడూ కాదు, విషువుల (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల) దగ్గరి రాత్రుల్లో శాటిలైట్ భూమికి అవతల వైపు ఉన్నప్పుడు ఎండ నేరుగా కెమెరా నోట్లో పడి వేడెక్కినప్పుడు. దాన్ని వదిలేయలేదు వాళ్ళు, డిటెక్టర్ ఎంత వేడెక్కబోతోందో ముందే లెక్కేసి కాలిబ్రేషన్ (సిగ్నల్‌ని టెంపరేచర్‌గా మార్చే లెక్క) మార్చుకుంటూ చాలావరకు డేటా కాపాడారు, తర్వాతి గోస్-18కి రేడియేటర్ డిజైనే మార్చి 2022 మార్చి 1న పంపారు.

డార్మ్‌స్టాట్_శ్రీను:

ఇప్పుడు ఒప్పుకుంటున్నా సార్, ఈ మాటే మొదట్లో చెప్పాల్సింది మీరు :) డిటెక్టర్ల సంఖ్య, దాని వెనకాలే కూలర్, హద్దు అక్కడుంది.

హన్మకొండ_ఫిజిక్స్:

సౌండర్ సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేను చెప్తా, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెప్తుంట, ప్రతి సంవత్సరం పిల్లలకి ఇది బోర్డు మీద గీసి చెప్తే కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తరు.

బాబూ ఇమేజర్ అడిగేది ఇక్కడ పైన ఏం కనబడుతుంది అని. సౌండర్ అడిగేది ఈ గాలి స్తంభంలో కిందికి పోయేకొద్దీ వేడి ఎంత, తేమ ఎంత అని. పైనుంచి చూసుకుంటూ లోతు ఎట్ల తెలుస్తది? కార్బన్ డయాక్సైడ్ 15 మైక్రాన్ల దగ్గర కాంతిని బాగా మింగుతది. 14.7 మైక్రాన్ల దగ్గర చూసినవనుకో, కింది నుంచి వచ్చిన కాంతి అంతా దారిలనే మింగుడు పడిపోతది, నీ దాకా వచ్చేది అన్నింటికంటే పైన స్ట్రాటోస్ఫియర్ గాలి పంపిందే. కొంచెం పక్కకి జరిగి 14.4, 14.1 అనుకుంట వచ్చినవంటే మింగుడు తగ్గుతది, చూపు ఇంకొంచెం కిందికి దిగుతది. 13.4 దగ్గరకి వచ్చేసరికి దాదాపు నేల దగ్గరి గాలి. దిగుడు బావిల ఒక్కో మెట్టు దిగుతూ నీళ్ళు ఎంత చల్లగున్నయో పాదంతో చూసుకున్నట్టు ఒక్కో చానెల్ ఒక్కో మెట్టు. కార్బన్ డయాక్సైడ్ గాలిలో దాదాపు అంతటా ఒకే పాలు ఉంటది కాబట్టి దాని దగ్గర వచ్చే తేడా అంతా టెంపరేచర్ తేడానే, ఆ టెంపరేచర్ తెలిసినంక 6 నుంచి 7 మైక్రాన్ల నీటి ఆవిరి చానెళ్ళతోని తేమ తీస్తరు.

మరి మెట్లు వేరు వేరుగా కనబడాలంటే ఒక్కో చానెల్ చాలా సన్నగ ఉండాలె. సన్నగ అంటే కాంతి తక్కువ. తక్కువ కాంతితోని సరైన కొలత రావాలంటే గడి పెద్దది చేయాలె, ఎక్కువసేపు చూడాలె, అందుకే 10 కిలోమీటర్లు. 3డీ సౌండర్‌ల 18 ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టర్లు ఒక చక్రం మీద బిగించి తిప్పుతరు, ఆ చక్రాన్ని కూడా బాగా చల్లగ ఉంచుతరు, ఎందుకంటే ఫిల్టర్ వెలిగితే అది కూడా కొలతల కలుస్తది, రావు గారు చెప్పిన ట్యూబులైట్ గదే మళ్ళ. 19వది విజిబుల్, మబ్బుందా లేదా చూసుకోనీకి.

ఒక్క మాట గుర్తుంచుకో, ఇన్‌ఫ్రారెడ్ మబ్బు దాటి కిందికి చూడదు. నీ మిచౌంగ్ నడి మబ్బు కింద సౌండర్ ఏం చెప్పలేదు. దానికి మైక్రోవేవ్ కావాలె, మైక్రోవేవ్‌కి అల పొడుగు ఎక్కువ కాబట్టి 36 వేల కిలోమీటర్ల ఎత్తున పెట్టాలంటే యాంటెన్నా చాలా పెద్దది కావాలె, అందుకే అవి కింది కక్ష్యలో తిరుగుతయి, 2011లో వెళ్ళిన మేఘా-ట్రాపిక్స్ శాటిలైట్‌ల సఫీర్ అనే పరికరం అట్లాంటిదే ఉండె. సౌండర్ విలువ తుపాను లోపల కాదు, తుపానుకి ఒకటి రెండు రోజుల ముందు, చుట్టూ ఉన్న తేట ఆకాశంల. గాలిల వేడి, తేమ కొలిచే బెలూన్ మచిలీపట్నం, విశాఖ, హైదరాబాద్ లాంటి కొన్ని ఊళ్ళ నుంచే పోతది, బంగాళాఖాతం నడుమ బెలూన్ ఎగరేసేదెవరు?

డార్మ్‌స్టాట్_శ్రీను:

మేడమ్ బాగా చెప్పారు. దీనికి తర్వాతి మెట్టు నేను కలుపుతాను, నా పీహెచ్‌డీ ఈ చుట్టుపక్కలే. చక్రం మీద 18 ఫిల్టర్లంటే 18 మెట్లే, అవీ ఒకదాని మీద ఒకటి కొంత పడి ఉంటాయి. ఫిల్టర్ల బదులు ఇంటర్‌ఫెరోమీటర్ పెడితే, అంటే వచ్చిన కాంతిని రెండుగా చీల్చి ఒక సగాన్ని కదిలే అద్దం మీదకి పంపి మళ్ళీ కలిపితే, అద్దం జరిగేకొద్దీ వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ఆ హెచ్చుతగ్గుల నుంచి ఫోరియర్ లెక్కతో మొత్తం స్పెక్ట్రమ్ వెనక్కి వస్తుంది. 2006లో యూరప్ శాటిలైట్ మెట్‌ఆప్ మీద వెళ్ళిన యాసీ అనే సౌండర్‌కి 8461 చానెళ్ళు అలాగే వచ్చాయి. అది కింది కక్ష్య. 36 వేల కిలోమీటర్ల దగ్గర ఇది మొదట చేసింది చైనా, ఫెంగ్‌యున్-4ఏ మీద, 2016 డిసెంబర్‌లో. యూరప్ ఎమ్‌టీజీ-ఎస్1 2025 జూలై 1న వెళ్ళింది, యూరప్ మీద అరగంటకోసారి సౌండింగ్ ఇవ్వడం దాని పని. అద్దం ఎంత జరిగిందో లేజర్‌తో కొలవాలి, శాటిలైట్‌లో చిన్న వణుకు వచ్చినా స్పెక్ట్రమ్‌లో లేని గీతలు పుట్టుకొస్తాయి, ఇదంతా ఉంది కానీ తమ్ముడూ ఎమ్‌టెక్ అంటున్నావు కాబట్టి చెప్తున్నా, నువ్వు ఉద్యోగంలో చేరే నాటికి పని ఇక్కడే ఉంటుంది, ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ పరీక్ష కోసం కాకుండా చేత్తో పట్టుకున్నట్టు నేర్చుకో.

బాపట్ల_తీరం:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి, నిన్న రాత్రి నుంచి మూడుసార్లు చదివాను. రావు గారూ ఒక్కటి అడగొచ్చా, ఇవన్నీ భూమ్మీద ఎలా టెస్ట్ చేస్తారు? పైకి వెళ్ళాక ముట్టుకోలేం కదా.

ఆప్టిక్స్_రావు:

పెద్ద స్టీలు చాంబర్ ఉంటుంది, లోపల గాలి తీసేస్తారు, గోడల్లో లిక్విడ్ నైట్రోజన్ పారుతుంది, పరికరం ఎదుట ఒక వైపు అంతరిక్షం బదులు చల్లటి నల్ల పలక, ఇంకో వైపు భూమి బదులు టెంపరేచర్ మార్చగలిగే బ్లాక్‌బాడీ. బ్లాక్‌బాడీని మెట్టుమెట్టుగా మార్చుకుంటూ ప్రతి మెట్టు దగ్గరా డిటెక్టర్ ఎంత ఇస్తోందో రాసుకోవడమే, రాత్రీ పగలూ షిఫ్టుల్లో రోజుల తరబడి నడుస్తుంది.

నా మనసులో ఉండిపోయింది ఒకటి చెప్తాను. ఒక టెస్టులో మూడో రోజు నుంచి 12 మైక్రాన్ల చానెల్ సిగ్నల్ కొద్దికొద్దిగా పడిపోవడం మొదలైంది, షిఫ్టుకి ఇంత అని, 11 మైక్రాన్లది మాత్రం అంతగా కదల్లేదు. ముందు ఎలక్ట్రానిక్స్ అనుకున్నాం, గెయిన్ చూశాం, కేబుళ్ళు చూశాం, ఒకటిన్నర రోజు దాంట్లోనే పోయింది. తీరా చూస్తే మంచు. పరికరానికి చుట్టిన బంగారు రంగు దుప్పటి పొరల్లో దాక్కున్న తేమ వాక్యూమ్‌లో మెల్లగా బయటికొచ్చి, పరికరం లోపల అన్నింటికంటే చల్లగా ఉన్నది ఏదో అక్కడికి వెళ్ళి కూర్చుంది, అది డిటెక్టర్ ముందున్న కిటికీ. మంచు 12 మైక్రాన్ల దగ్గర బాగా మింగుతుంది, అందుకే ఆ చానెలే ముందు మూలిగింది. హీటర్ ఆన్ చేసి చలి భాగాన్ని గది వేడికి తెచ్చి రాత్రంతా అలా ఉంచి మళ్ళీ చల్లబరిచాం, సిగ్నల్ పాత చోటికి వచ్చేసింది. ఆ హీటర్ ఊరికే పెట్టలేదు, పైకి వెళ్ళాక కూడా ఇదే జరుగుతుందని తెలిసే పెడతారు. యూరప్ మెటియోసాట్‌లకి కక్ష్యలో ఇలా మంచు పట్టి, వేడిచేసి వదిలించుకున్న సందర్భాలు ఉన్నాయి. ఆ తర్వాత నుంచి నేను దుప్పటి చాంబర్‌లోకి పోయేముందు ఎన్ని గంటలు బేక్ అయ్యిందో రిజిస్టర్‌లో స్వయంగా చూసి సంతకం పెట్టేవాణ్ణి.

ఇంకోటి, వీలుంటే జెర్మేనియం లెన్సు ఒకసారి చేతిలో పట్టుకుని చూడు. బూడిద రంగు లోహపు బిళ్ళలా ఉంటుంది, కంటికి అవతల ఏమీ కనబడదు, కానీ 10 మైక్రాన్లకి అది గాజు. పూత లేకపోతే ఒక్కో ముఖం దగ్గర 36 శాతం కాంతి వెనక్కి పోతుంది, ఆ పూత వేయడమే ఒక విద్య.

హన్మకొండ_ఫిజిక్స్:

బాబూ చదువుడు చాలు, డేటా దింపుకో. ఇస్రో వాళ్ళ మోస్‌డాక్ సైట్‌ల రిజిస్టర్ అయితే ఇన్సాట్ ఫైళ్ళు ఫ్రీగ ఇస్తరు. పైథాన్‌తో తెరువు. ప్రతి గడికి 0 నుంచి 1023 దాకా ఒక కౌంట్ ఉంటది, దాన్ని టెంపరేచర్ చేసే పట్టిక కూడా అదే ఫైల్‌ల ఉంటది. శీతాకాలం పొద్దుగాల గన్నవరంల ఫ్లైట్లు పొగమంచుకి ఆగిన రోజు ఒకటి చూసుకుని, సూర్యుడు రాకముందు ఫైల్ తీస్కొని, 11 మైక్రాన్ల చానెల్ టెంపరేచర్ నుంచి 3.9 మైక్రాన్ల చానెల్‌ది తీసెయ్యి. పొగమంచు బొట్లు చాలా చిన్నవి కదా, 3.9 దగ్గర అవి తక్కువ వెలుగుతయి, అందుకని మంచు ఉన్న చోట తేడా బయటపడుతది. ఉత్త థర్మల్ ఫొటోల ఆ మంచు నేలతోని కలిసిపోయి కనబడనే కనబడదు.

బాపట్ల_తీరం:

మేడమ్ దించాను, ముందు మిచౌంగ్ రోజు ఫైల్ తెరిచాను, అది చూడకుండా ఉండలేకపోయాను. మా ఊరి లాటిట్యూడ్ లాంగిట్యూడ్ పెట్టి గడి పట్టుకున్నాను, చుట్టూ గడులు కూడా. ఒక్క డౌట్, పట్టికలో కౌంట్ పెరిగేకొద్దీ టెంపరేచర్ తగ్గుతోంది, నేను తిరగేసి చదువుతున్నానా?

ఆప్టిక్స్_రావు:

లేదు, సరిగ్గానే చదువుతున్నావు. చల్లటి మబ్బు స్క్రీన్ మీద తెల్లగా కనబడాలి కాబట్టి అలా తిప్పి పెడతారు. మీ నాన్నగారికి ఆ రాత్రి నువ్వు చూపించిన తెల్లదనం ఆ పెద్ద కౌంట్లే. ఇప్పుడు అదే గడిని అరగంటకోసారి వరసగా గీసి గ్రాఫ్ ఇక్కడ పెట్టు, చూద్దాం.